రహీమ్ సాబ్ అడిగిన కానుక

1962 సెప్టెంబరు 3. జకార్తాలో భారత రాయబార కార్యాలయం మీద జనం విరుచుకుపడ్డారు. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన ప్రతినిధి జి.డి.సోంధీ అడ్డం తిరిగారు. ఆ కోపం మనవాళ్లందరి మీదికీ మళ్లింది. తెల్లారితే దక్షిణ కొరియాతో ఫుట్‌బాల్ ఫైనల్.

అంతకు తొమ్మిది రోజుల ముందే అదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి ఇప్పుడిప్పుడే లేచాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది.

ఆ స్థితిలో ఆయన కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని అడిగింది ఒక్కటే. నాకో కానుక కావాలి, రేపు బంగారు పతకం గెలిచి ఇవ్వండి అని.

విన్నవాళ్లలో తులసీదాస్ బలరామ్ ఒకడు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రాడు. వయసు పాతికేళ్లు. సాబ్ కానుక అడగడం అతనికి వింతగా తోచి ఉంటుంది. అప్పటిదాకా ఇచ్చింది ఆయనే.

అద్దె సైకిలు

రహీమ్ వృత్తికి బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుంటూ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. చదువు ముగిశాక కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది మొదలు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టే ఎగరేసుకుపోయింది.

మైదానంలోనూ ఆయన పద్ధతి బడి పద్ధతే. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకోసారి అలవాటు లేని కాలితోనే ఆడమనేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నబోయి తడబడుతుంటే చూసేవాళ్లకు నవ్వొచ్చేది. కొన్నాళ్లకు ఆ కుర్రాడికి రెండు కాళ్లూ ఒకటే అయ్యేవి.

బలరామ్ ఆయన కంట పడింది 1950ల నడుమ. శిక్షణకు రమ్మన్నారు. రావాలనే ఉంది, వచ్చే దారే లేదు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు నడిబొడ్డుకు రావాలంటే కంటోన్మెంటు అంతా దాటుకుని చాలా దూరం. ఇంట్లో సైకిలు లేదు, అద్దెకు తీసుకుందామంటే జేబులో కానీ లేదు. సంగతి తెలిసి సైకిలు అద్దె డబ్బులు సాబే చేతిలో పెట్టారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకునేవారు.

ఆ సైకిలు అతణ్ణి చాలా దూరం తీసుకెళ్లింది. సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో చోటు దొరికింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లే జట్టులోనూ పేరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా నెల తిరిగిన రోజున, డిసెంబరు 1న, రహీమ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించి పోలేదు.

ఆ తర్వాత బలరామ్ కలకత్తాకు మారాడు. హైదరాబాదు కుర్రాళ్లు బెజవాడ మీదుగా రైలెక్కి పోయి కలకత్తా క్లబ్బులకు ఆడే రోజులవి. ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ కూడా అయ్యాడు. జెర్సీ మారినా భారత జట్టు శిబిరం పెడితే మళ్లీ సాబ్ ముందు చేతులు కట్టుకుని నిలబడే పిల్లవాడే. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. జకార్తాలో థాయ్‌లాండ్ మీద ఒకటి, జపాన్ మీద ఒకటి.

లక్షమంది ఒకవైపు

సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది. మన జాతీయగీతం మొదలైతే వినపడనివ్వకుండా అరిచారు. బంతి మనవాళ్ల కాలికి తగిలితే చాలు, ఈలలు, కేకలు. అంత జనంలో మన పక్షాన గొంతు చించుకుంటున్నది కొద్దిమందే. వాళ్లలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు కూడా ఉన్నారు.

రహీమ్ ఆరోజు రెండు పందేలు కాశారు. అంతకుముందు మ్యాచ్‌ల్లో గోల్ కాసిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన పెట్టి ఎత్తరి తంగరాజ్‌ను దించారు. తలకు కుట్లున్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. బలరామ్, చునీ గోస్వామి, పి.కె.బెనర్జీ, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ అతని చుట్టూ ఆడారు.

పదిహేడో నిమిషంలో పి.కె. గోల్. మూడు నిమిషాలకే జర్నైల్ ఇంకొకటి. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది. అయినా 2-1. అడిగిన కానుక సాబ్ చేతికి అందింది.

తర్వాత

1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. యాభై మూడేళ్లే. బలరామ్‌కూ ఊపిరితిత్తుల జబ్బు సోకడంతో ఆ ఏడాదే ఆట ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లయినా నిండలేదు.

చునీ, పి.కె., బలరామ్‌లను త్రిమూర్తులనేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు 1962 నాటి అర్జునతోనే సరి. తాను నడిపించిన ఈస్ట్ బెంగాల్‌తోనూ ఆయనకు చెడింది. చనిపోయాక తన శవాన్ని ఆ క్లబ్బుకు తీసుకెళ్లవద్దన్నారు. 2023 ఫిబ్రవరి 16న పోయేదాకా రహీమ్ సాబ్ మాటెత్తితే మాత్రం ఆ గొంతులో అలక ఉండేది కాదు. క్లబ్బు ఆయన ఆటకు వెల కట్టింది. గురువు ఆట లేనప్పుడే చెయ్యందించాడు. బలరామ్ విశ్వాసం ఎటు ఉందో అక్కడే తేలిపోయింది.

2024లో రహీమ్ కథ ‘మైదాన్’ పేరుతో హిందీ సినిమాగా వచ్చాక ఆ పేరు మన పిల్లలకు కొత్తగా తెలిసింది. జకార్తా తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మన గడప తొక్కలేదు. ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా 1965-66లో ఒక్కసారే. శిష్యుల భక్తికి ఏనాడూ లోటు రాలేదు. ఎడమకాలి పాఠం చెప్పే పంతులుకే కరువొచ్చింది. మైదానానికి రాలేని కుర్రాళ్లు అమ్ముగూడలోనే కాదు, గుడివాడలోనూ, అవనిగడ్డలోనూ ఉంటారు. వాళ్లను వెతికి సైకిలు అద్దె ఇచ్చే మనిషి ముందు దొరకాలి. పతకాల లెక్క ఆ తర్వాత.