బీదరు కోట - మెదకు చర్చి : మన సీమ చరిత్ర

దూరపు కొండలు నునుపని పెద్దలు చెప్పుదురు. ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగమున, నార్మండీ, పికార్డీ సీమలలోని పల్లెలయందు పాత కోటలును, వందల యేండ్లనాటి చర్చిలును, వాటి చుట్టును గోధుమ చేలును, ఆపిలు తోటలును గలవనియు, వాటిని చూచుటకై దేశదేశముల యాత్రికులు పోవుచుందురనియు పుస్తకములలో చదివి మనము ముచ్చటపడుదుము. ముచ్చటపడుట తప్పుకాదు. కాని మన చిరాగ్‌పల్లికి ఉత్తరమున బీదరు కోటయు, ఈశాన్యమున మెదకు కోటయు, చర్చియు ఉన్నవి. నడుమ మన జొన్న చేలు, కంది చేలు, చెరకు తోటలు ఉన్నవి. వీనిని కన్నులార చూచినవారు మన గ్రంథాలయ చందాదారులలో ఎందరో లెక్కించుకొన్నచో, మనము దూరపు కొండలనే చూచుచున్నామని తేలగలదు.

మొదట ఒక సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బీదరు మనకు పరాయి ఊరు కాదు. హైదరాబాదు రాష్ట్రమున మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. 1956 నవంబరు 1వ తేదీన భాషా ప్రాతిపదికపై రాష్ట్రములను పునర్విభజించినప్పుడు నిర్ణా సర్కిలు తప్ప తక్కిన జహీరాబాదు తాలూకాయు, న్యాలకల్ సర్కిలును, నారాయణఖేడ్ తాలూకాయు తెలుగుసీమలో చేరెను. బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయెను. నాటినుండి 2016 వరకు మనది మెదకు జిల్లా. పిమ్మట సంగారెడ్డి జిల్లా. ఎల్లరాయి కదలినది గాని చరిత్ర కదలలేదు. మన తాతల కచేరీ వ్యవహారములు నడచిన ఊరు బీదరు. మన తండ్రుల నాటి జిల్లాకు పేరిచ్చిన ఊరు మెదకు. ఈ రెంటిని ఎరుగనిచో మన యింటి చరిత్రలో సగము మనకు తెలియనట్లే.

బహమనీ సుల్తానులలో అహమ్మద్ షా వలీ పదునైదవ శతాబ్ది పూర్వార్ధమున గుల్బర్గానుండి రాజధానిని బీదరునకు మార్చెను. ఎత్తైన పీఠభూమి అంచున, మంచి గాలి, మంచి నీరు గల చోటది. అచటి నేల యంతయు రంధ్రములు గల యెఱ్ఱరాయి. ఆ రాతినే తొలిచి మూడు వరుసల కందకము చేసిరి; తొలిచిన రాతితోనే గోడలు లేపిరి. కొనితెచ్చిన సొగసు కాదది, ఆ నేలలోనుండి పుట్టిన కోట. శర్జా దర్వాజా మీద చెక్కిన రెండు మృగములను, పదునారు స్తంభముల పేర ప్రసిద్ధమైన సోలా ఖంబా మసీదును, నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగిన రంగీన్ మహలును తీరికగా చూడవలెను. కోటలోని పాతగోడల మట్టితోనే నేటికిని బిద్రీ పనివారు తమ పాత్రలకు నలుపు తెత్తురు. ఐదువందల యేండ్ల కోట మట్టి ఈనాటి పనివాని పొట్ట నింపుచున్నదన్నమాట.

గ్రంథాలయము పేర వెలువడు ఈ సంచికలో మఱవరాని కట్టడము బీదరు నగరములోని మదరసా. పర్షియా దేశపు గీలాన్‌నుండి వచ్చి బహమనీ రాజ్యమునకు ప్రధానియైన మహమూద్ గవాన్ దీనిని 1472లో కట్టించెను. మూడంతస్తుల కట్టడము, ముందువైపున రంగురంగుల పలకలు పొదిగిన మీనారు. విద్యార్థులకు, ఉపాధ్యాయులకు గదులు, నడుమ విశాలమైన ముంగిలి, దానితోపాటు గ్రంథ భాండాగారము. అందు మూడువేల గ్రంథము లుండెనని ప్రతీతి. అచ్చుయంత్రము మన దేశమునకు రాని దినములలో, ప్రతి యక్షరమును చేతితో వ్రాసిన దినములలో, మూడువేల గ్రంథము లనగా ఎంతటి సంపదయో తలచుకొనుడు.

అట్టి మహానుభావుని శత్రువులు కుట్రపన్ని, ఆయన వ్రాసినట్లు దొంగలేఖ సృష్టించి సుల్తానునకు చూపిరి. విచారణ లేక 1481లో ఆయనను వధించిరి. కొలదికాలమునకే బహమనీ రాజ్యము ఐదు ముక్కలాయెను. ఔరంగజేబు సేనలు 1657లో బీదరును పట్టుకొన్న పిమ్మట మదరసాలో తుపాకిమందు నిలువచేసిరి. పదునేడవ శతాబ్ది చివర అది పేలి, కట్టడములో కొంత భాగము, ముందరి రెండు మీనారులలో ఒకటి కూలిపోయెను. గ్రంథము లుండవలసిన చోట మందుగుండు ఉంచినచో జరుగునది యిదియే. ఆ విరిగిన మీనారు చోటు చూచి మన పిల్లలు నేర్చుకొనదగిన పాఠము ఏ పాఠ్యపుస్తకములోను అంత స్పష్టముగా లేదు.

బీదరునకు చేరువనే అష్టూరు గ్రామమున బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా నున్నవి. అహమ్మద్ షా వలీ సమాధి లోపలి గోడలమీద బంగారు రంగు వ్రాతలు, చిత్రములు నేటికిని కానవచ్చును. ఆయన ఉరుసునకు ముస్లిములతోపాటు హిందువులును వచ్చి భక్తితో మ్రొక్కుదురు. హుమాయూన్ సుల్తాను సమాధి గుమ్మటము 1882లో పిడుగుపడి చీలిపోయెను. సగము నిలిచిన ఆ గుమ్మటమున, ఆనాటి మేస్త్రీలు ఇటుక పై ఇటుక ఎట్లు వంచి కట్టిరో లోపలి పనితనము తెల్లమగును.

ఇక మెదకు. అచటి కొండపై కోట కాకతీయుల నాటిదని ప్రసిద్ధి. కుతుబ్‌షాహీల కాలమున అందు మసీదు, గాదెలు వెలసినవి. కోట నెక్కి చూచినచో పచ్చని పొలముల నడుమ తెల్లని చర్చి శిఖరము కానవచ్చును. వెస్లియన్ మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ చర్చిని కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రారంభమయ్యెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, శిఖరము ఎత్తు 175 అడుగులు. కరువు దినములలో ఆకలిగొన్న పేదలకు ఊరక భిక్షమిడక పనియిచ్చి, కూలికి కూడుపెట్టి కట్టించిన కట్టడమది. కావున అందలి ప్రతి రాతిలోను ఒక కుటుంబపు గంజి మెతుకులున్నవి. రంగు అద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రింపబడినవి. వెలుపలినుండి చూచిన అవి మసకగా నుండును. లోపల నిలిచి చూచినగాని సూర్యకాంతి వాటిని వెలిగింపదు. చరిత్రయు అట్టిదే; వెలుపల నిలుచుండువానికి అది వెలుగదు.

కోణపు తోరణములు గల ఈ గోథిక్ శైలికి పుట్టినిల్లు ఉత్తర ఫ్రాన్సే. పారిస్ చెంత సెయింట్ డెనిస్ చర్చిలో, పండ్రెండవ శతాబ్దిలో, అది రూపుదిద్దుకొనెను. విధి వైపరీత్యము చూడుడు: మెదకులో ఒక చర్చి లేచుటకు సన్నాహములగుచున్న యేండ్లలోనే, మొదటి ప్రపంచ యుద్ధమున, ఆ శైలికి జన్మభూమియైన సీమలో చర్చిలు కూలుచుండెను. 1914 సెప్టెంబరులో రీమ్స్ మహాచర్చి ఫిరంగి దెబ్బలకు కాలెను. 1917లో, పికార్డీలోని కూసీ కోట బురుజును వెనుదిరుగుచున్న జర్మను సైన్యము మందుగుండుతో పేల్చివేసెను. ఆ యుద్ధమునకు మన దక్కనుకును సంబంధము లేకపోలేదు. హైదరాబాదు కంటింజెంటునుండి పుట్టిన దక్కను హార్సు అశ్వదళము 1916 జూలైలో సోమ్ ప్రాంతపు చేలలో పోరాడినది.

ఫ్రాన్సువారు తమ కట్టడములను ఎల్లప్పుడును కాపాడుకొన్నవారు కారు. 1789 విప్లవము పిమ్మట నార్మండీలోని జూమియేజ్ మఠమును అమ్మివేయగా, కొన్నవారు దానిని రాతిగనిగా వాడుకొనిరి. విక్టర్ హ్యూగో మహాకవి ఈ విధ్వంసముపై కలమెత్తెను. 1837లో చారిత్రక కట్టడముల సంఘ మేర్పడెను. రీమ్స్ చర్చిని బాగుచేసి 1938లో తిరిగి తెరచిరి. కోల్పోయిన పిమ్మట విలువ తెలిసికొన్న జాతి వారిది. మనకు కోల్పోకముందే తెలిసికొను అవకాశ మున్నది.

ఏల చెప్పుచున్నా ననగా, మన పల్లెలలో పాత బురుజులు, గడీ గోడలు, మెట్లబావులు నానాటికి కరగిపోవుచున్నవి. ఇల్లు కట్టువాడు పునాదికి రెండు రాళ్లు తెచ్చును. బాట వేయువాడు బండెడు మొరము త్రవ్వును. బావి పూడిపోవును. ఎవడును దొంగ కాడు. అయినను పదియేండ్లలో బురుజు మాయమగును. కోటలను ప్రభుత్వము కాపాడవచ్చును గాని, ఊరి బురుజును ఊరే కాపాడుకొనవలెను.

కావున నా మనవులు మూడు. ఒకటి: సంవత్సరమున కొకసారి గ్రంథాలయము పక్షమున బాలబాలికలను వెంటబెట్టుకొని బీదరు కొకమారు, మెదకు కొకమారు పోవలెను. జహీరాబాదునుండి బీదరునకు రైలును, బస్సును ఉన్నవి. దారిలో చేలను చూపుచు, ఏ నేలలో ఏ పంట పండునో చెప్పవలెను. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరుని దర్శింపవలెను. రెండు: పోవుటకు ముందు ఆ స్థలమును గూర్చి చదువవలెను. గులాం యాజ్దానీ పండితుడు బీదరు కట్టడములపై వ్రాసిన గొప్ప గ్రంథము 1947లో వెలువడినది. అట్టివాని సారమును తెలుగున చెప్పగల ఉపాధ్యాయులు మనలో ఉన్నారు. మూడు: మన ఊరి పాత కట్టడములను గూర్చియు, బావుల పేర్లను, పొలముల పేర్లను గూర్చియు వృద్ధులు చెప్పు మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసి గ్రంథాలయమున భద్రపరుపవలెను. వ్రాయనిచో ఆ మాటలు వారితోనే పోవును.

మహమూద్ గవాన్ మూడువేల గ్రంథములు నేడు ఆ మదరసాలో లేవు. మన గ్రంథాలయము చిన్నది, మన బీరువాలు కొలది. అయినను అవి నిలిచియున్నవి, వాటిని తెరచువా రున్నారు. చిరాగ్ అనగా దీపము. ఇరువదియైదు వత్సరములుగా వెలుగుచున్న యీ దీపమునకు చమురు పోయుట మన వంతు.