పట్టు వదిలే హ్యాండిల్, పట్టు వదలని పానా

డీజిల్ ఇంజన్‌ను చేత్తో తిప్పాల్సిన సందర్భాలు రెండు. స్టార్ట్ చేయడానికి తిప్పడం ఒకటి. ఆగి ఉన్న ఇంజన్‌లో పిస్టన్‌నో వాల్వునో కావలసిన చోటికి మెల్లగా జరపడం రెండోది. మొదటి పనికి వాడే సాధనం ఇంజన్ అందుకోగానే పట్టు వదిలేయాలి. రెండో పనికి వాడేది జారకుండా పట్టు నిలుపుకోవాలి. ఒకదాని పని రెండోదానితో చేయించబోయినప్పుడు చేతులు విరిగాయి, పళ్లు రాలాయి.

1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో రుడాల్ఫ్ డీజిల్ తయారుచేసిన మొదటి ప్రయోగ యంత్రాన్ని మనిషి బలంతో తిప్పలేదు. ఫ్యాక్టరీ షాఫ్టు నుంచి బెల్టు వేసి తిప్పారు. 1897లో విజయవంతంగా నడిచిన ఇంజన్‌కు, దాని వెంట వచ్చిన పెద్ద ఇంజన్లకు సీసాల్లో నిల్వచేసిన గాలి ఒత్తిడే స్టార్టరు. అయితే ఒంటి సిలిండరు ఇంజన్‌లో ఆ గాలి పనిచేయాలంటే పిస్టన్ ముందుగా పై కొసను కాస్త దాటి ఉండాలి. అక్కడికి జరపడానికి ఫ్లైవీల్ అంచున వరుసగా రంధ్రాలుండేవి. ఇనుప కడ్డీని ఒక రంధ్రంలో పెట్టి నొక్కి, తీసి, తర్వాతి రంధ్రంలో పెట్టేవారు. ఆవిరి యంత్రాల కాలం నుంచి వచ్చిన పద్ధతే ఇది. కడ్డీ తీయకుండా గాలి వదిలితే ఆ కడ్డీ ఇంజన్ గదిలో ఈటెలా ఎగిరేది.

ఇంధనాన్ని చిమ్మడానికి కూడా పెద్ద గాలి కంప్రెసర్ కావలసినంత కాలం డీజిల్ ఇంజన్ చిన్నది కాలేకపోయింది. 1927లో గాలి సాయం లేకుండా ఇంధనాన్ని చిమ్మే బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులు పెద్ద ఎత్తున తయారు కావడం మొదలయ్యాక ఆ చిక్కు తీరింది. రెండు మూడేళ్లలోనే ఇంగ్లండ్‌లోని డర్స్లీ నుంచి, హ్యాండిల్‌తో చేత్తో తిప్పి స్టార్ట్ చేసే లిస్టర్ సీఎస్ ఇంజన్లు వచ్చాయి. వాటిలో అయిదు హార్స్‌పవర్ రకం నిమిషానికి 600 చుట్లు తిరిగేది. హ్యాండిల్ చరిత్రలో అసలు ఘట్టం ఇదే.

ఆ ఇంజన్ పిస్టన్ వ్యాసం నాలుగున్నర అంగుళాలు. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 కిలోలకు చేరితే పిస్టన్ మీద పడే బరువు సుమారు మూడు టన్నులు. అంత బరువును ఏ వస్తాదూ హ్యాండిల్‌తో నేరుగా ఎత్తలేడు. అందుకే డీకంప్రెషన్ లివర్ పెట్టారు. అది ఎగ్జాస్టు వాల్వును కాస్త తెరిచి ఉంచుతుంది, లోపలి గాలి బయటికి పోతుంది, చక్రం సులువుగా తిరుగుతుంది. బరువైన ఫ్లైవీళ్లు తగిన ఊపు అందుకున్నాక లివర్ వదిలితే ఆ మూడు టన్నులను ఎదిరించేది ఫ్లైవీళ్లలో దాచిన ఊపే. మనిషి చేసేది ఆ ఊపు కూడబెట్టడం మాత్రమే.

హ్యాండిల్ తెలివంతా దాని కొసలో ఉంది. షాఫ్టును పట్టుకునే గాడి ఒక పక్క నిటారుగా, మరో పక్క వాలుగా ఉంటుంది. మనిషి తిప్పుతున్నంతసేపు నిటారు అంచు పట్టుకుంటుంది. షాఫ్టు చేతికంటే వేగంగా తిరగగానే వాలు అంచు హ్యాండిల్‌ను బయటికి తోసేస్తుంది. ఈ ఏర్పాటు ఒక్క దిశలోనే పనిచేస్తుంది. ఊపు చాలకుండా లివర్ వదిలితే పిస్టన్ పై కొస దాటలేక వెనక్కి తంతుంది. ఒక్కోసారి ఇంజన్ వెనక్కే నడవడం మొదలుపెట్టి, గాలి పీల్చే గొట్టం నుంచి పొగ కక్కుతుంది. అప్పుడు నిటారు అంచు పట్టు వదలదు, హ్యాండిల్ షాఫ్టుతో పాటు గిరగిరా తిరుగుతుంది. బొటనవేలిని పిడి చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచాలన్న కట్టడి అందుకే పుట్టింది. సాగిన, గాడి అరిగిన హ్యాండిల్‌ను వెల్డింగు చేసి వాడుకోవడం పొదుపు అనిపించుకోదు.

ఈ ఇంజన్‌కు ఇంగ్లండ్‌కంటే ఎక్కువ ఆయుష్షు భారతదేశంలో దక్కింది. దాని నమూనాలను రాజ్‌కోట్ కార్ఖానాలు దశాబ్దాల పాటు తయారుచేశాయి. 1946లో పుణే దగ్గర మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కూడా వ్యవసాయానికి చిన్న ఇంజన్లు అందించింది. కరెంటు అందని తెలుగు పల్లెల్లో మోట, ఏతాం చేసిన పనిని ఆయిల్ ఇంజన్లు అందుకున్నది ఈ హ్యాండిల్ మీదే.

ట్రాక్టర్లలో విచిత్రాలు కొన్ని ఉన్నాయి. జర్మనీ లాంజ్ బుల్డాగ్ నిఖార్సయిన డీజిల్ కాదు, తల వేడిచేసి నడిపే దగ్గరి చుట్టం. దాని స్టీరింగును ఊడదీసి ఫ్లైవీల్‌కు తగిలించి తిప్పేవారు. ఇంగ్లండ్ ఫీల్డ్ మార్షల్ ట్రాక్టరులో ఫ్లైవీల్ మీద మరచుట్టు గాడి ఉండేది. అందులో నడిచే చిన్న రోలరు నిర్ణీత చుట్లు పూర్తికాగానే తనంతట తానే కంప్రెషన్ కలిపేది.

సెల్ఫ్ స్టార్టరు రావడంతో లారీ ఇంజన్లకు హ్యాండిల్ పోయింది, చేత్తో తిప్పే అవసరం పోలేదు. ట్యాపెట్లు సరిచేయాలన్నా, పంపు టైమింగు కట్టాలన్నా క్రాంకు షాఫ్టును డిగ్రీల లెక్కన జరపాలి. ముందున్న పుల్లీ బోల్టుకు సాకెట్, పొడుగు పానా వేయడం పాత దారి. ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పాలి. ఎదురు తిప్పితే బోల్టు వదులయ్యే ప్రమాదముంది. ఫ్లైవీల్ పళ్లకు స్క్రూడ్రైవరు ఆనించి తోయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి: పన్ను విరిగితే రింగు మార్చాలి. కమిన్స్ బి శ్రేణి వంటి ఇంజన్లలో ఫ్లైవీల్ గూటికి ఒక రంధ్రం వదిలారు. అందులోంచి చిన్న పళ్ల చక్రమున్న సాధనాన్ని పెద్ద రింగుకు కలిపి రాట్చెట్‌తో తిప్పుతారు. చిన్న చక్రం ఎన్నో చుట్లు తిరిగితే గానీ పెద్దది ఒక చుట్టు పూర్తికాదు కాబట్టి బలం తక్కువ పడుతుంది, గురుతు దగ్గర కచ్చితంగా ఆపవచ్చు. ఇంజెక్టర్లు విప్పి ఉంటే మరీ తేలిక. నీళ్లు చేరాయన్న అనుమానం ఉన్న ఇంజన్‌ను మాత్రం వాటిని విప్పాకే తిప్పాలి, లేకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఓడ ఇంజన్లలో ఈ పని విద్యుత్ మోటారుతో నడిచే టర్నింగ్ గేరుది. స్టార్టు చేసే ముందు సిలిండర్లకుండే ఇండికేటర్ కాక్‌లు అనే చిన్న కవాటాలు తెరిచి నెమ్మదిగా తిప్పి, నీళ్లు చిమ్ముతాయేమో చూస్తారు. ఆ గేరును విడదీసేదాకా స్టార్టింగు గాలి ఇంజన్‌లోకి పోకుండా ఇంటర్‌లాక్ అడ్డుకుంటుంది.