మెకంజీ కైఫియత్తులు: మూడు చోట్లకు చెదిరిన ఊళ్ల చరిత్ర

కోస్తా, రాయలసీమ గ్రామాల చరిత్ర రాసేవారికి తరచూ ఎదురయ్యే మాట ‘మెకంజీ కైఫియత్తు’. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరికి దక్కాయి, ఏ ప్రభువు తర్వాత ఎవరు పాలించారు అన్న వివరాలతో రాసిన గ్రామ వృత్తాంతమే కైఫియత్తు. వీటిని సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవికి చెందినవాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనికి మద్రాసు చేరాడు. 1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు సర్వే బాధ్యత చేపట్టాడు. 1815లో భారతదేశ తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

సర్వే అంటే కొలతలు, పటాలు మాత్రమే కావని మెకంజీ నమ్మాడు. అయితే ఆయనకు దేశభాషలు రావు. ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీసిందీ, కరణాల దగ్గరున్న దండకవిలెలు చూసి వివరాలు రాయించిందీ ఆయన దగ్గర పనిచేసిన భారతీయ సహాయకులు. వారిలో ముఖ్యులు కావలి సోదరులు. వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని ముందుకు నడిపాడు.

1821లో మెకంజీ కన్నుమూశాక, ఈ సేకరణను కంపెనీ ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రచురించిన పట్టిక ప్రకారం అందులో 1,568 సాహిత్య ప్రతులు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసనాల నకళ్లు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. మిగిలిన పనిని పూర్తిచేస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చినా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. చివరకు ఆ పని మద్రాసులోని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది.

సేకరణ కూడా ఒకచోట నిలవలేదు. పటాలు, చిత్రాలు, ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తెలుగు, తమిళ, కన్నడ వృత్తాంతాలు మద్రాసుకు వచ్చాయి. పురుగులు తినేస్తున్న తెలుగు కాగితాలకు సి.పి. బ్రౌన్ శుద్ధప్రతులు రాయించాడు. ఇవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులను ఆ ఊళ్లోని బ్రౌన్ గ్రంథాలయం సంపుటాలుగా అచ్చువేసింది.

ఈ చీలిక పరిశోధకుడికి పెద్ద చిక్కు. ఊరి పటం లండన్‌లో, దాని వృత్తాంతం చెన్నైలో, అందులో చెప్పిన గుడీ చెరువూ ఆంధ్రప్రదేశ్‌లో! మూడింటినీ పక్కపక్కన పెడితేనే బొమ్మ పూర్తవుతుంది. అమరావతి స్తూపం విషయంలో ఆ కాగితాల విలువ ఏమిటో తెలుస్తుంది. 1816–17 ప్రాంతంలో మెకంజీ బృందం అక్కడి శిల్పాలకు బొమ్మలు గీసింది. తర్వాత కనబడకుండా పోయిన కొన్ని ఫలకాలకు ఇప్పుడు ఆ బొమ్మలే ఆధారం.

కైఫియత్తును ఉన్నదున్నట్టు చరిత్రగా తీసుకోవడమూ పొరపాటే. అది ఒక అధికారి పంపిన మనుషులకు ఊరివారు చెప్పిన మాట. మాన్యం నిలుపుకోవాలన్నా, మిరాసీ హక్కు చాటుకోవాలన్నా పాత దానాల సంగతి చెప్పుకోక తప్పదు. కాబట్టి అందులో పురాణగాథ ఏది, కరణం లెక్క ఏది, విన్నవించుకున్న హక్కు ఏది అని విడదీసి, శాసనంతో సరిచూడాలి. చేతిలో ఉన్నది మూలమా, బ్రౌన్ రాయించిన నకలా, ఇంగ్లీషు అనువాదమా అన్నది కూడా తేల్చుకోవాలి. ఒక చేతి నుంచి మరో చేతికి మారినప్పుడల్లా పేర్లూ తేదీలూ తారుమారయ్యే అవకాశం ఉంటుంది.

శాసనాలు ఎక్కువగా రాజులను, దాతలను తలుస్తాయి. చెరువు తెగిన ఏడాదినీ, ఊరు పాడుపడి మళ్లీ వెలసిన తీరునూ చెప్పేవి కైఫియత్తులే. సేకరణకు మెకంజీ పేరు నిలిచినా, ఆ మాటలు తెలుగు ఊళ్లవి. వాటిని అక్షరాల్లో పెట్టింది బొర్రయ్య, లక్ష్మయ్యల వంటివారు.