ముగింపుతో మొదలయ్యే పుస్తకాలు

చదరంగంలో ఎత్తులన్నీ నేర్చి, వీధిలో నలుగురినీ ఓడించిన పిల్లవాడికి తర్వాత ఏ పుస్తకం కొనాలి? బ్యాంకులో నాతో పనిచేసే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడిగినవారు చాలామంది అప్పటికే ప్రారంభపు ఎత్తుల పుస్తకమొకటి కొనేసి ఉంటారు. పిల్లవాడు పన్నెండు ఎత్తులు అప్పజెబుతాడు. పదమూడో ఎత్తు దగ్గర దిక్కులు చూస్తాడు.

1921లో కాపాబ్లాంకా హవానాలో లాస్కర్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఏడాదే వెలువడిన ఆయన 'చెస్ ఫండమెంటల్స్' మొదటి పుటల్లోనే రాజు, ఏనుగు కలిసి ఒంటరి రాజును ఎలా కట్టేయాలో చెబుతుంది. ప్రారంభపు ఎత్తుల సంగతి ఆ తర్వాతే. కామర్సు చదివినవాణ్ణి గనుక నాకిందులో వింతేమీ కనబడదు. ఆఖరి నిల్వ తేల్చడం రానివాడికి చిట్టా అప్పగిస్తామా?

నిమ్జోవిచ్ 'మై సిస్టమ్' గొప్పదే. కానీ పోటీల్లో పది దెబ్బలు తిన్నాక గాని దాని రుచి తెలియదు. 1953 జ్యూరిచ్ పోటీలోని 210 ఆటలపై బ్రాన్‌స్టీన్ రాసిన పుస్తకానిదీ అదే దారి.

పాత పుస్తకాల అంగట్లో కొనేవారు ముందు ఒక పుట తెరిచి చూడాలి. పాత ఇంగ్లీషు పద్ధతిలో ఒకే గడికి తెల్లవారి లెక్కలో ఒక పేరు, నల్లవారి లెక్కలో మరొక పేరు. 1981 నుంచి ఫిడే బీజగణిత పద్ధతినే గుర్తిస్తోంది. ఇందులో గడికి ఒకటే పేరు.

మద్రాసులో 1972లో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ పేరిట చెస్ క్లబ్బు వెలిసింది. మన దేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యుయెల్ ఆరన్ దానికి పెద్ద దిక్కు. 1988లో తొలి గ్రాండ్‌మాస్టర్ అయిన ఆనంద్ చిన్ననాడు ఆడింది అక్కడే. ఆ రోజుల్లో మాస్కో పుస్తకాలు మనకు చవకగా దొరికేవి. 1991తో ఆ దేశమే లేకుండా పోయింది, ఆ ధరలూ పోయాయి.

పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు పనికొచ్చే సంగతి మరొకటుంది. 1966లో బెల్‌గ్రేడ్‌లో మొదలైన 'ఇన్ఫర్మేటర్' సంపుటాల్లో వ్యాఖ్యలకు మాటలు లేవు, గుర్తులే. పావులకు అక్షరాల బదులు బొమ్మలు. ఆ సంపుటాలు పిల్లలకు బరువే గాని, బొమ్మలతో అచ్చయిన తేలిక పుస్తకాలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. బడిలో తమిళమో కన్నడమో చదివే పిల్లవాడి పక్కన కూర్చుని, ఆ బొమ్మ చూపి గుర్రమనీ శకటనీ బంటనీ మనమే చెప్పుకోవచ్చు. కాపాబ్లాంకా పుస్తకానికి కూడా బీజగణిత పద్ధతిలో ముద్రణలు వచ్చాయి. కొంటే అదే కొనండి. బల్ల మీద పావులు పేర్చుకునే చదివించండి.