ఆలయ దారువు – కోత పని చరిత్ర



ఆలయ జీర్ణోద్ధరణ సంచికలలో శిలలను గురించి, శిల్పులను గురించి వ్రాయడం పరిపాటి. కర్రను గురించి వ్రాసేవారు అరుదు. ధ్వజస్తంభానికి మ్రొక్కినప్పుడు మన కంటికి కనబడేది లోహపు తొడుగు మాత్రమే. లోపల నిలిచి ఉన్నది ఒక వృక్షం. అది ఏ స్థితిలో ఉన్నదో తొడుగు విప్పితే గాని తెలియదు. తిరుమలలో 1982 ప్రాంతంలో జరిగినది ఇదే. బంగారు తొడుగు లోపలి మ్రాను శిథిలమైనదని గ్రహించిన దేవస్థానంవారు సుమారు 75 అడుగుల నిటారైన టేకు మ్రాను కోసం వెదకి, కడకు కర్ణాటకలోని దాండేలి అడవుల నుండి తెప్పించారు. అంతటి మ్రాను కనుమదారి మలుపులు దాటి కొండకెక్కిన వైనాన్ని నాటి కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు ‘నాహం కర్తా హరిః కర్తా’ గ్రంథంలో వివరించారు.

మన జహీరాబాదు ఎర్రనేల, నల్లరేగడి కలసిన మెట్ట సీమ. చేలగట్లపై తుమ్మ, వేప, చింత, మామిడి పెరుగుతాయి గాని ధ్వజస్తంభానికి తగిన టేకు దొరకదు. అయినను ఈ సీమకు దారుశిల్పం క్రొత్త కాదు. పొరుగున ఉన్న బీదరు కోటలోని రంగీన్ మహలులో, పదహారవ శతాబ్దంలో అలీ బరీద్ షా కాలమునాటి చెక్కడపు కర్రస్తంభాలను నేటికీ చూడవచ్చు. వాటిని చూచిన వారు ఉలిని మెచ్చుకుంటారు. ఉలి కంటె ముందు ఆ మ్రానును చీల్చిన రంపం ఎవరికీ తోచదు.

దారువును తెచ్చే విధిని వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో ఒక అధ్యాయంగానే చెప్పాడు. శ్మశానాన పెరిగినవి, పిడుగుపడినవి, పక్షిగూళ్ళున్నవి పనికిరావు. ముందురాత్రి వృక్షాన్ని పూజించి, దానినాశ్రయించిన భూతములను వేరొక చోటికి తరలిపొమ్మని ప్రార్థించాలి. గొడ్డలికి తేనె, నెయ్యి పూసి ఈశాన్యం వైపున మొదటి వేటు వేయాలి. చెట్టును కేవలం సరకుగా చూడని ఈ విధిలో వడ్రంగికి పనికివచ్చే వివేకం కూడా ఉన్నది: పిడుగుపడిన మ్రానులో పైకి కనబడని చీలికలుంటాయి కదా!

చెట్టు కూలిన తరువాత అసలు శ్రమ మొదలవుతుంది. యంత్రాలు రాకముందు దుంగను ఎత్తైన దన్నులపైకి గాని, గోతిపైకి గాని చేర్చేవారు. దుంగ రెండు కొనలపై గుండుదారం పట్టి నిట్టనిలువు గీత గీసేవారు. ఆ రెండు గీతలను కలుపుతూ రంగుపూసిన దారాన్ని బిగించి ఎగలాగి వదలితే పొడవునా గురుతు పడేది. పైన ఒకరు, క్రింద ఒకరు నిలిచి పొడవైన రంపాన్ని లాగేవారు. పైవాడు గీత తప్పకుండా నడిపేవాడు. క్రిందివాడు బలమంతా పెట్టి క్రిందికి లాగేవాడు. కోత పడేది ఆ లాగుడులోనే. రంపపు పొట్టు అంతా అతని కళ్ళలో, ముక్కులో పడేది. నడుమ నడుమ ఆకురాయితో పళ్ళు సానపట్టి, ఒక పన్ను ఇటు, ఒక పన్ను అటు వంచేవారు. లేకపోతే రంపం కర్రలో బిగుసుకుంటుంది. తలుపు పలకలో చెట్టు నడిబొడ్డు పడకుండా కోయడమే వారి నేర్పు. నడిబొడ్డు పడిన పలక ఎంత ఖరీదైనా ఎండినకొద్దీ నెర్రె విచ్చుతుంది.

ఆలయాలలో చలువరాతి ఫలకాలపై దాతల పేర్లుంటాయి, స్థపతి పేరుంటుంది. గోతిలో నిలిచి రంపం లాగినవాని పేరు ఎక్కడా కానరాదు. ఇది న్యాయమని నాకు తోచదు.

తరువాత పట్టణాలలో పట్టీరంపపు కోత మిల్లులు వచ్చాయి, చేతి రంపం మూలపడింది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అటవీ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో అనుమతి లేని మిల్లులపై కట్టడి వచ్చింది. అయితే మిల్లుకు చేర్చలేని మహావృక్షాల మాట ఏమిటి? దానికి జవాబు గొలుసు రంపం.

జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో నడిచేదానిని, 1929లో పెట్రోలుతో నడిచేదానిని రూపొందించాడు. అవి ఇద్దరు మోయవలసిన బరువువి. 1959 నాటికి ఒక్కరు పట్టగల పన్నెండు కిలోల యంత్రం వచ్చింది. ఈ నడుమ అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కోతపనివాడు 1946లో ఒక మొద్దులోని పురుగును పరికించి చూశాడు. అది తన దవడలను కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తిప్పుతూ కర్రను సునాయాసంగా తొలచుకుపోవడం గమనించి, గొలుసు పళ్ళను ఆ తీరున అమర్చాడు. నేటి గొలుసు పళ్ళకు మూలం అదే. కర్రకు శత్రువైన పురుగే గురువైనదన్నమాట!

ఆ పాత బరువు యంత్రాలను బాగుచేసుకొని, ఇంటి పెరటిలోనే పెద్ద దుంగలను పలకలుగా కోసుకునే ఔత్సాహికులు విదేశాలలో ఎందరో ఉన్నారు. పద్ధతి సులభమే. రంపపు పట్టీకి ఇనుప చట్రం బిగించి, దుంగపై నిచ్చెన వంటి సరళమైన ఆధారాన్ని అమర్చి, దానిపై చట్రాన్ని జరుపుతూ మొదటి కోత కోస్తారు. ఆ చదునే తరువాతి కోతలకు దారి. అడ్డకోత గొలుసుతో నిలువుకోత సరిగా సాగదు. నిలువుకోతకు పళ్ళను ఇంచుమించు పది డిగ్రీల కోణంలో సానపట్టాలి. గొలుసు రంపం పట్టీరంపం కంటె వెడల్పుగా కోస్తుంది గనుక పొట్టుగా పోయే కర్ర ఎక్కువ. పాత యంత్రాలలో చాలావాటికి గొలుసును తక్షణం ఆపే ఏర్పాటు లేదు. రంపం వెనుకకు ఎగిరితే ప్రాణాపాయం. అనుభవం లేనివారు, అది స్వామి కార్యమైనా సరే, దానిని ముట్టరాదు.

స్వామి కార్యానికి తమ పొలంలోని చెట్టును సమర్పించదలచిన దాతలకు ఒక విన్నపం. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం ముందుగా అనుమతి పొందండి. గొలుసు రంపం నెలల పనిని రోజులలో ముగిస్తుంది గాని, కర్ర ఆరడానికి అంగుళం మందానికి ఒక సంవత్సరమని వడ్రంగుల లెక్క. ముహూర్తం దగ్గరపడినప్పుడు పచ్చి పలకతో తలుపులు చేయిస్తే అవి వంగి, వాకిలి మూసుకోదు. అందువలన చెట్టును ముహూర్తం నిశ్చయం కాకముందే సమర్పించండి.

మరొక మాట. మీ తాతలలో, ముత్తాతలలో రంపం లాగినవారెవరైనా ఉంటే ఆ పేర్లను ఆలయ కార్యాలయంలో వ్రాయించండి. వారి రంపం అటకమీద తుప్పుపట్టి ఉన్నా సరే, దానిని కూడా తీసుకురండి.