అంతరిక్షంలో ఆయుధాల పోటీ: శ్రీహరికోట నుంచి జెనీవా దాకా ఎక్కడ ఆగింది?

2019 జనవరి 24 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ-44 రాకెట్ ఎగిరింది. అందులో మైక్రోశాట్-ఆర్ అనే 740 కిలోల ఉపగ్రహం ఉంది. రెండు నెలలు తిరిగేసరికి, మార్చి 27న, మనవాళ్లే దాన్ని పేల్చేశారు. ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి వెళ్లిన క్షిపణి దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో దాన్ని ముక్కలు చేసింది. దీని పేరే 'మిషన్ శక్తి'. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని చేసిన నాలుగో దేశం మనది. అప్పుడు డీఆర్‌డీఓకు అధిపతి నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీష్ రెడ్డి. శ్రీహరికోట కూడా అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఇది చట్టవిరుద్ధమా అంటే, కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అంతరిక్షానికి మూల చట్టం 1967 నాటి ఒప్పందం. భారత్ కూడా అందులో ఉంది. ఆ ఒప్పందంలోని నాలుగో అధికరణ అణ్వాయుధాలను, సామూహిక మారణాయుధాలను భూకక్ష్యలో పెట్టకూడదంటుంది. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1962 జూలైలో అమెరికా పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పేల్చితే, ఎక్కడో దూరాన హవాయిలో వీధిదీపాలు ఆరిపోయాయి, పైన తిరిగే ఉపగ్రహాలు కూడా పాడయ్యాయి. కానీ మామూలు క్షిపణితో నేల మీద నుంచి ఉపగ్రహాన్ని కొట్టొద్దని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు.

కొడితే ఏమవుతుంది? ముక్కలు మిగులుతాయి. సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో తిరిగే బోల్టు ముక్క చాలు, ఇంకో ఉపగ్రహాన్ని చంపడానికి. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని సుమారు 865 కిలోమీటర్ల ఎత్తులో పేల్చింది. నమోదైన శకలాలే మూడు వేలు దాటాయి. వాటిలో చాలావరకు ఇంకా పైనే ఉన్నాయి. మన పంటల విస్తీర్ణం, కరువు పరిస్థితి అంచనా వేసే రిసోర్స్‌శాట్ ఉపగ్రహాలు తిరిగేది సుమారు 820 కిలోమీటర్ల ఎత్తులో, అంటే ఆ చెత్తకు పక్క వీధిలోనే. చిత్తూరు, అనంతపురం రైతుకు జెనీవా చర్చలతో సంబంధం ఏంటని ఎవరైనా అడిగితే జవాబు ఇదే.

మనం తక్కువ ఎత్తులో కొట్టాం కాబట్టి ముక్కలు కొన్ని వారాల్లో రాలిపోతాయని ప్రభుత్వం చెప్పింది. ఎక్కువ భాగం త్వరగానే రాలాయి. కొన్ని మాత్రం పైకి ఎగిసి ఏడాది దాటినా తిరిగాయి. నాసా అధిపతి అప్పుడే బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2021 నవంబర్‌లో రష్యా చేసిన పరీక్ష ఇంకా ఘోరం. పదిహేను వందలకు పైగా శకలాలు లేచాయి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు (వాళ్లలో రష్యన్లూ ఉన్నారు) తమ నౌకల్లోకి వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది.

మరి ఒప్పందం ఎందుకు కుదరదు? అంతరిక్షంలో ఆయుధ పోటీ నివారణ, పొట్టిగా 'పారోస్', 1981 నుంచి ఐక్యరాజ్యసమితి తీర్మానాల్లో ఉన్న మాటే. చర్చ జరగాల్సింది జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సులో. అక్కడ 65 దేశాలు, ఒక్కటి కాదన్నా బండి కదలదు. 2008లో రష్యా, చైనా ఒక ముసాయిదా తెచ్చాయి. అంతరిక్షంలో ఆయుధాలు పెట్టొద్దన్నది దాని సారాంశం. నేల మీద నుంచి వేసే క్షిపణులను వదిలేశారు, తనిఖీ ఎలాగో చెప్పలేదు అని అమెరికా ఒప్పుకోలేదు.

ఏది ఆయుధం అని తేల్చడమే కష్టం. 1980లో శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని మోసిన ఎస్‌ఎల్‌వీ-3కి ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం సాబ్. ఆ రాకెట్ మొదటి దశే 1989లో అగ్ని క్షిపణికి మొదటి దశ అయింది. పాడైన ఉపగ్రహాన్ని బాగుచేసే మరచేయి, పరాయి ఉపగ్రహాన్ని విరిచేయనూ గలదు. (రాకెట్లు మన వైపు కొత్తేం కాదు. చిత్తూరు దగ్గర శిబిరంలో 1782లో కన్నుమూసిన హైదర్ అలీ సైన్యం ఇనుప గొట్టాల రాకెట్లతోనే ఇంగ్లిషువాళ్లను బెదరగొట్టింది.)

2022లో అమెరికా ఇంకో దారి పట్టింది. ఉపగ్రహాలను పేల్చే క్షిపణి పరీక్షలు ఇక చేయబోనని ప్రకటించి, మిగతా దేశాలనూ అదే కోరింది. ఆ డిసెంబర్‌లో ఐరాస సర్వసభ్య సభలో 155 దేశాలు ఔనన్నాయి, రష్యా, చైనా సహా 9 కాదన్నాయి. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. స్వచ్ఛంద మాటలు కాదు, అందరినీ కట్టిపడేసే, తనిఖీకి నిలిచే ఒప్పందం కావాలన్నది ఢిల్లీ ఎప్పుడూ చెప్పే మాట. అందులో అర్థం ఉంది. 1967కు ముందు అణుపరీక్ష చేసినవాళ్లే అణుదేశాలని గీత గీసిన ఒప్పందం మనల్ని బయట నిలబెట్టింది కదా. అయితే మన పరీక్ష మనం చేసేసుకున్నాక, ఆ తీర్మానానికి ఔనంటే పోయేదేమీ లేదనిపిస్తుంది.

2024 ఏప్రిల్‌లో, అంతరిక్షంలో అణ్వాయుధాలు పెట్టొద్దన్న పాత మాటనే మళ్లీ చెప్పే తీర్మానాన్ని అమెరికా, జపాన్ భద్రతా మండలికి తెచ్చాయి. 13 దేశాలు మద్దతిచ్చాయి. చైనా దూరంగా ఉంది. రష్యా వీటో చేసింది.