ప్రొజెస్టరాన్ నూనె ఇంజెక్షన్లు, ఇయోసినోఫిలిక్ న్యుమోనియా: నిర్ధారణ దారి తప్పే చోటు

ఐవీఎఫ్‌లో గర్భాశయాన్ని హార్మోన్ మందులతో సిద్ధం చేసి, శీతలీకరించి దాచిన పిండాన్ని బదిలీ చేసే పద్ధతి ఒకటుంది. ఆ నెల అండం విడుదల కాదు, ప్రొజెస్టరాన్‌ను తయారుచేసే కార్పస్ లూటియం ఏర్పడదు. కాబట్టి ప్రొజెస్టరాన్ అంతా బయటి నుంచే అందాలి. చాలాచోట్ల దాన్ని నూనెలో కలిపి రోజుకు 50 మి.గ్రా. చొప్పున పిరుదు కండరంలోకి ఇస్తారు. మాయ ఆ పని అందుకునేవరకు, అంటే గర్భం 8–10 వారాలకు చేరేదాకా, సూది తప్పదు. పొడిచిన చోట నొప్పి, గడ్డ కట్టడం అందరికీ తెలిసినవే. ఊపిరితిత్తులు దెబ్బతినడం మాత్రం బహు అరుదు.

2004లో బెల్జియం వైద్యులు అలాంటి ఒక ఇయోసినోఫిలిక్ న్యుమోనియా కేసును ‘హ్యూమన్ రిప్రొడక్షన్’ పత్రికలో ప్రకటించారు. ఇంజెక్షన్లు మొదలైన కొద్ది వారాలకు జ్వరం, పొడిదగ్గు, ఆయాసం. ఎక్స్‌రేలో రెండు వైపులా నీడలు. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గకపోవడం. ఈ జబ్బు తీరు ఇది. ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవంలో మామూలుగా 1 శాతం లోపుండే ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు 25 శాతం దాటుతాయి. సూది ఆపి స్టెరాయిడ్లు ఇస్తే సాధారణంగా కొద్ది రోజుల్లోనే ఊపిరి తేలికపడుతుంది.

ఇంత స్పష్టమైన జబ్బు ఎందుకు తప్పిపోతుంది? ఆయాసం అనగానే వైద్యుడు ముందు ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డను అనుమానిస్తాడు. గర్భం, ఈస్ట్రోజెన్ రెండూ ఆ ముప్పును పెంచేవే కనుక అది సబబే. అండాశయాలు అతిగా స్పందించినా ఛాతీలో నీరు చేరుతుంది, కానీ అండాశయాలను ప్రేరేపించని నెలలో ఆ ప్రసక్తి రాదు.

కోస్తాంధ్రలో మరో చిక్కుంది. బోదకాలు చిరకాలంగా ఉన్న ప్రాంతం కాబట్టి దగ్గుతోపాటు ‘ఇస్నోఫీలియా’ కనబడితే ఫైలేరియా గుర్తొస్తుంది. దానికి మూడు వారాలపాటు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్‌ను గర్భిణులకు వాడరు. పైగా అసలు కారణమైన సూది ఈలోగా రోజూ పడుతూనే ఉంటుంది. సంతాన సాఫల్య కేంద్రం ఒకచోట, ఛాతీ వైద్యుడు మరోచోట. అత్తింటివారి ముందు ఐవీఎఫ్ సంగతి ఎత్తడానికి చాలామంది వెనుకాడతారు. వాడుతున్న మందులేమిటని అడిగితే మాత్రల పేర్లు చెబుతారు గానీ సూది సంగతి రాదు. రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి ‘ఇంజెక్షన్లేమైనా వేయించుకుంటున్నావా అమ్మా?’ అని విడిగా అడగడం స్కాన్ కంటే విలువైనదని నా అభిప్రాయం.

తప్పు నూనెదా, హార్మోన్‌దా? అనుమానం ఎక్కువగా నూనె మీదే. అది తరచూ నువ్వుల నూనె. కొన్ని తయారీల్లో వేరుశనగ నూనె. నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయ ఏళ్లుగా తిన్నా ఏమీ కాలేదన్నది ఇక్కడ భరోసా కాదు, తిన్నది పడినంత మాత్రాన కండరంలోకి ఎక్కించిందీ పడాలని లేదు. నిల్వకోసం కలిపే బెంజైల్ ఆల్కహాల్‌నూ కొట్టిపారేయలేం.

మందు మార్చడం తేలికేమీ కాదు. 2021లో ప్రచురితమైన అమెరికా క్లినికల్ పరీక్షలో రోజూ కండరంలోకి సూది తీసుకున్నవారిలో 44 శాతం బదిలీలు సజీవ జననానికి చేరగా, యోని మార్గంలో మాత్రమే మందు వాడినవారిలో అది 27 శాతమే. అందుకే చర్మం కింద ఇచ్చే, నూనె లేని ప్రొజెస్టరాన్‌ను ముందుగా పరిశీలించాలి. అది దొరకని ఊళ్లలో చాలావరకు యోని మార్గమే మిగులుతుంది. తగ్గే ఆ అవకాశాల లెక్కను మందు మార్చే రోజే దంపతులకు చెప్పాలి.